పుట్టిన తేదీ లేనివాళ్ల వయసు

మీ ఇంటి పిల్లవాడి రక్తపరీక్ష రిపోర్టులో ఒక అంకె పక్కన 'ఎక్కువ' అని అచ్చయి వస్తే, ఆ మాట అన్నది ఎవరని మీరు అనుకుంటారు? సూది గుచ్చి రక్తం తీసిన మనిషా? దాన్ని కొలిచిన యంత్రమా? కింద సంతకం పెట్టినవారా? ఈ ముగ్గురూ కాని నాలుగో జవాబు ఒకటి ఉంది. అది కామారెడ్డి స్టేషన్ రోడ్డులో ఒక మొబైల్ దుకాణం పై అంతస్తులో ఉంటుంది. నేను పనిచేసేది అక్కడే.

నేను డిగ్రీ కామారెడ్డిలోనే చదివాను. మూడేళ్లూ డిబేట్ జట్టులో ఉన్నాను. మాకు శిక్షణ ఇచ్చిన మేడం గెలుపోటముల గురించి పెద్దగా మాట్లాడేవారు కాదు. ఎవరైనా ఆవేశంగా ఒక వాక్యం చెప్పగానే చేయి పైకెత్తి ఆపేసేవారు. "ఆ మాట ఏ మాట మీద నిలబడింది? కింది మాట తీసేస్తే పైది ఉంటుందా, పడిపోతుందా? ముందు అది చెప్పి తర్వాత మాట్లాడు" అనేవారు. వేదిక మీద నాకు వచ్చిన చప్పట్లేవీ ఇప్పుడు గుర్తు లేవు. ఆ పైకెత్తిన చేయి మాత్రం గుర్తుంది. ప్రోగ్రాములు రాసే ఉద్యోగంలో చేరాక ఆ చేయి ఇంకా తరచుగా గుర్తుకొచ్చేది.

మాది చిన్న సంస్థ. చుట్టుపక్కల ప్రైవేటు బళ్లకు, రక్తపరీక్షల ల్యాబులకు, గల్ఫ్‌కు మనుషులను పంపే ట్రావెల్స్ ఆఫీసులకు సాఫ్ట్‌వేర్ తయారుచేసి ఇస్తాం. యజమానిని అందరం సార్ అంటాం. ఆయన తర్వాత అనుభవమున్న ప్రోగ్రామర్‌ను అన్న అంటాం. నేను చేరేనాటికే ముఖ్యమైన కోడ్ అంతా ఆ అన్న చేతి మీదుగా వచ్చినదే.

బడి, ల్యాబు, ట్రావెల్స్ అన్నీ వేరువేరు ప్రోగ్రాములే అయినా మూడింటికీ మనుషులు కావాలి. బడికి విద్యార్థి, ల్యాబుకు పేషెంట్, ట్రావెల్స్‌కు ప్రయాణికుడు. ముగ్గురికీ పేరు, తండ్రి పేరు, ఊరు, పుట్టిన తేదీ ఉంటాయి. వీటినే మూడుసార్లు రాయడం దండగ కాబట్టి 'మనిషి' అనే క్లాస్, అంటే కోడ్‌లో ఒక మూస లాంటిది, ఒకటి రాసి, మిగతా ముగ్గురినీ దాని నుంచి పుట్టించారు. అందులో తప్పేమీ లేదు. ఒకసారి రాసిన దాన్ని పలుచోట్ల వాడుకోవడం మా వృత్తిలో మొదటి పాఠం. ఆ 'మనిషి' క్లాసు, తేదీలు లెక్కించేది, తెలుగు అక్షరాలు అచ్చువేసేది, రసీదు తయారుచేసేది అన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉండేవి. దాని పేరు కామన్. కొత్తగా రాసిన కోడ్‌ను ఎక్కడ పెట్టాలో తెలియకపోతే అదీ కామన్‌లోకే వెళ్లేది.

దానికి తోడు మా దగ్గర ఒక అలవాటు ఉండేది. కస్టమర్ దగ్గరికి ఏ పని మీద వెళ్లినా, ఆఖరికి ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుందని పిలిచినా, బండి తాళాల గుత్తికి వేలాడే పెన్ డ్రైవ్‌లోంచి అప్పటి తాజా కామన్‌ను వాళ్ల కంప్యూటర్‌లో పాతదాని మీద వేసి రావాలి. మనిషి తిరిగి మెట్లెక్కగానే సార్ అడిగే మొదటి ప్రశ్న అదే: "కామన్ ఏసినవా?" వేశానంటే పని పూర్తయినట్టు. ఎక్కడ ఏ కామన్ వేశామో రాసుకునే పద్ధతి లేదు. కొత్తది పాతదానికన్నా మంచిదే అయి ఉంటుందన్న నమ్మకం ఒక్కటే ఉండేది.

చేరిన కొత్తలోనే నాకు ఒక సంగతి మింగుడుపడలేదు. ట్రావెల్స్ ప్రోగ్రాం కామన్ మీద ఆధారపడటం న్యాయమే. కానీ కామన్‌లోని కొన్ని క్లాసులు తిరిగి ట్రావెల్స్ ప్రోగ్రాంలోని క్లాసులను పిలుస్తున్నాయి. ఇది దాని మీద, అది దీని మీద. ఇలా ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడేవాటిలో ఒక్కదాన్నే విడదీసి తీసుకెళ్లడం కుదరదు. రెండూ కలిసే ఎక్కడికైనా వెళ్తాయి. ఒక మధ్యాహ్నం టీ తాగుతూ అన్నను అడిగాను.

"అన్నా, కామన్ వచ్చి ట్రావెల్స్‌ను అడుగుతున్నదేంది? అడగాల్సింది ట్రావెల్స్ కదా?"

"అడిగితే ఏమైతది చెల్లె? నడుస్తున్నది గదా."

"ఎల్లారెడ్డి ల్యాబుల కంప్యూటర్ చూసిన. అండ్ల పాస్‌పోర్టు గడువు లెక్కబెట్టే కోడ్ ఉన్నది. ల్యాబుల దానికేం పని?"

"ఉండనియ్యి. రేపు రక్తం గిట్ల దుబాయ్ పోతనంటే పనికొస్తది."

గది గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. సార్ తన కుర్చీలోంచి, "ఇగ డిబేట్ షురూ అయింది. ఎవలన్న బెల్లు కొట్టుండ్రి, టైం అయిపోయిందని" అన్నారు. మళ్లీ నవ్వులు. అంతటితో ఆ మాట ముగిసింది. కోడ్ మాత్రం అలాగే ఉంది.

ఎల్లారెడ్డి ల్యాబు యజమాని నుంచి ఫోన్ వచ్చింది ఒక శుక్రవారం. సార్ స్పీకర్ పెట్టకపోయినా అవతలి గొంతు మా అందరికీ వినిపించింది. జరిగింది ఇది. గాంధారి వైపు ఒక తండా నుంచి ఒక ముసలామె మనవణ్ణి తీసుకొచ్చింది. పిల్లవాడికి ఆరేళ్లు. జ్వరమూ కడుపునొప్పీ ఉంటే డాక్టరు లివర్‌కు సంబంధించిన పరీక్ష రాశారు. రిపోర్టులో ఒక ఎంజైమ్ 'ఎక్కువ' అని వచ్చింది. ఆ రిపోర్టు చూసిన నలుగురూ నాలుగు మాటలు చెప్పడంతో పిల్లవాడి తండ్రి బెంబేలెత్తి, ఆటో తోలడం మానుకుని, పిల్లవాణ్ణి నిజామాబాద్ తీసుకెళ్లాడు. అక్కడి డాక్టరు రిపోర్టు చూసి, ఎదిగే పిల్లల ఎముకల వల్ల ఇది సహజంగానే ఎక్కువ ఉంటుందని, ఎంత నుంచి ఎంత వరకు మామూలో చెబుతూ పక్కన అచ్చయిన హద్దులు పెద్దవాళ్లవని, పిల్లవాడికి లివర్ జబ్బేమీ లేదని చెప్పి పంపారు. తండ్రి తిరిగొచ్చి ల్యాబు ముందు నిలబడి, రిపోర్టు ఇచ్చిన టెక్నీషియన్‌ను బజారంతా వినేలా తిట్టాడు. యజమాని ఆమెకు సోమవారం నుంచి రావద్దని చెప్పేశాడు.

"మా ప్రోగ్రాంల ఏమన్న ఉంటె చూస్తం గని, ఎంట్రీలనే తప్పు కొట్టి ఉంటది" అని సార్ జవాబిచ్చి ఫోన్ పెట్టేశారు. చూడకముందే ఆ జవాబు ఎలా వచ్చిందని నాకు ఆశ్చర్యం వేసింది. అడగలేదు. కోడ్ తెరిచాను.

సాయంత్రానికల్లా దొరికింది. నేను చదివినదాన్ని వీలైనంత తేటగా చెబుతాను.

మా ప్రాంతంలో అందరికీ పుట్టిన తేదీ నోటికి రాదు. అందుకే ల్యాబు ప్రోగ్రాంలో తేదీకి ఒక గడి, వయసుకు ఒక గడి ఉంటాయి. తేదీ గడి ఖాళీగా ఉంటే 'మనిషి' క్లాసు మొదట్లో 'నాకు వయసు తెలియదు' అని జవాబిచ్చేది. ఆ జవాబు వినగానే ల్యాబు ప్రోగ్రాం వయసు గడిలో టెక్నీషియన్ కొట్టిన సంఖ్యను తీసుకునేది. ఇదంతా బాగానే నడిచింది. ఆ తర్వాత ఒక ట్రావెల్స్ ఆఫీసు నుంచి ఫిర్యాదు వచ్చింది. వాళ్ల దగ్గర పేర్లు ముందు చేరతాయి, పాస్‌పోర్టు కాపీలు తర్వాత వస్తాయి. తేదీ లేని ప్రతి మనిషి దగ్గరా ప్రోగ్రాం ఆగిపోతోందని వాళ్ల గోల. గల్ఫ్‌కు పనికి వెళ్లేవాళ్లందరూ పెద్దవాళ్లే కాబట్టి, అన్న 'మనిషి' క్లాసులో ఒక్క వరుస మార్చాడు. తేదీ లేకపోతే ఆ మనిషిని పెద్దవాడిగా తీసుకోమన్నాడు. ట్రావెల్స్ ఆఫీసు సంతోషించింది.

మారిన కామన్ పెన్ డ్రైవ్‌లోకి ఎక్కింది. ఎల్లారెడ్డి ల్యాబులో ప్రింటర్ మొరాయిస్తే అన్నే వెళ్లి బాగుచేసి, అలవాటు ప్రకారం కామన్ వేసి వచ్చాడు. ఆనాటి నుంచి ఆ ల్యాబులో 'తెలియదు' అన్న జవాబు రావడం మానేసింది. టెక్నీషియన్ వయసు గడిలో ఆరు అని సరిగ్గానే కొట్టింది. రిపోర్టు నెత్తిన ఆరేళ్లు అనే అచ్చయింది. కానీ హద్దులను ఎంచుకునే చోట ప్రోగ్రాం ఆ ఆరును అడగనే లేదు. 'మనిషి'ని అడిగింది. 'మనిషి' ఇతను పెద్దవాడు అంది.

ఈ తప్పు అంతవరకు బయటపడకపోవడానికి కారణం వెతికితే నా మనసు ఇంకా బరువెక్కింది. తేదీ చెప్పలేని పెద్దవాళ్ల విషయంలో ఆ జవాబు ఎలాగూ నిజమే. ఆధార్ కార్డో, జనన ధ్రువపత్రమో సంచిలో పెట్టుకుని వచ్చే తల్లిదండ్రుల పిల్లలకు తేదీ ఉంటుంది కాబట్టి వాళ్లకూ సరైన హద్దులే వస్తాయి. తప్పు తగిలేది ఒక్కరికే. నాయనమ్మ చంకనెక్కి, ఏ కాగితమూ లేకుండా వచ్చిన పిల్లవాడికి.

అన్నను పిలిచి చూపించాను. అతను తెరమీది వరుసను రెండుమూడు సార్లు చదివాడు.

"నేను ల్యాబు ఫైల్ ముట్టనే లేదు చెల్లె. ఒట్టు."

"ముట్టలేవన్నా. ముట్టకుంటనే మారింది. గదే నా భయం."

"ల్యాబు గీ 'తెలియదు' కోసం చూస్కుంట కూసున్నదని నాకెవలు చెప్పిన్రు? ఎక్కడన్న రాసున్నదా?"

ఎక్కడా రాసి లేదు. అతని ప్రశ్న నిజాయితీగలదే. తన కోడ్ మీద ఎవరు ఆధారపడుతున్నారో తెలుసుకునే దారి అతనికి మేమెవరమూ ఉంచలేదు. ట్రావెల్స్ అవసరం కోసం మారేదీ, ల్యాబు ప్రాణంగా నమ్ముకున్నదీ ఒకే చోట, ఒకే పేరు కింద ఉన్నాయి. వేరువేరు కారణాలతో మారేవాటిని ఒకే ఫోల్డర్‌లో కూర్చోబెడితే, ఒకరి సౌకర్యం కోసం చేసిన మార్పు ఇంకొకరి ఇంటి తలుపు తడుతుంది. ఇది పుస్తకంలో చదివినప్పుడు చక్కటి సూత్రంలా కనిపించింది. ఇప్పుడు దాని అవతలి కొసన ఉద్యోగం పోతున్న ఒక మనిషి ఉంది.

ఆ వరుసను పాత తీరుకు మార్చి, సార్‌కు విషయం చెప్పాం. ఆయన తేలికపడ్డారు.

"దొరికింది గదా? మంచిగైంది. రేపు శనివారం పొద్దుగాల బస్సుకు పోయి ఏసిరా. ప్రింటర్ సర్వీసింగ్ కొచ్చిన అని చెప్పు."

"మరి ఆ టెక్నీషియన్ సంగతి, సార్?"

"అది వాళ్ల ఇంటి ముచ్చట. మనం నడుమల పోవద్దు."

"తప్పు మనది కదా, సార్. ఆమె పని పోతది."

"నువ్వు నిజం చెప్తవు. ఆయన పోయి ఇంకో నలుగురు ల్యాబోళ్లకు చెప్తడు. ఆళ్లు సాఫ్ట్‌వేర్ తీసేస్తరు. అప్పుడు గీ గదిల ఎవల పని పోతదో అది గూడ సోంచాయించు."

ఎదుటి పక్షం వాదాన్ని దాని బలమైన రూపంలో ముందు మనమే చెప్పుకోవాలని డిబేట్‌లో మాకు నేర్పారు. ఆ రాత్రి హాస్టల్‌లో సార్ వాదాన్ని అలాగే చెప్పుకున్నాను. చిన్న సంస్థ. కస్టమర్లు ఒకరి మాట విని ఒకరు వచ్చినవాళ్లు, ఒకరి మాట విని ఒకరు పోగలరు. అన్నకు ఇద్దరు పిల్లలు. తప్పు సరిదిద్దాం కాబట్టి ఇకపై ఎవరికీ హాని లేదు. ఇది బలహీనమైన వాదం కాదు. కానీ అది ఒక మాట మీద నిలబడి ఉంది: ఎల్లారెడ్డిలోని ఆ మనిషి లెక్కలోకి రాదు అన్న మాట. దాన్ని తీసేస్తే పైనున్నదంతా పడిపోతుంది.

శనివారం ఎల్లారెడ్డి బస్సెక్కాను. లింగంపేట దాటేవరకూ ఏం చెప్పాలో వాక్యాలు కూర్చుకుంటూనే ఉన్నాను. వేదిక మీద మాట్లాడటానికీ, ఒకరి ఎదురుగా నిలబడి మాట్లాడటానికీ ఉన్న తేడా అప్పుడు తెలిసింది. వేదిక మీద మన మాట వల్ల గది దాటి ఏదీ మారదు.

ల్యాబు బస్టాండుకు దగ్గరే. టెక్నీషియన్ నాకన్నా నాలుగైదేళ్లు పెద్దదై ఉంటుంది. గాంధారి పక్క ఊరి నుంచి రోజూ ఆటోలో వచ్చిపోతుంది. ఆ వేళ తన ఆఖరి రోజు అనుకుంటూనే గాజు గొట్టాలకు పేర్ల చీటీలు అంటిస్తోంది. నేను ఎక్కడి నుంచి వచ్చానో చెప్పగానే చేతిలో పని ఆపింది.

"ప్రింటర్ మంచిగనే ఉన్నది మేడం. ఎందుకొచ్చిన్రు?"

"ప్రింటర్ కోసం రాలే అక్కా. మీ రిపోర్టు కోసం వచ్చిన."

"ఇంక గా రిపోర్టుల చూసేదేమున్నది? ముసలామెను తారీకు అడిగిన. 'వానలు పడంగ పుట్టిండు బిడ్డా' అన్నది. వానలు అని ఏ గడిల కొట్టాలె? వయసు అడిగితె ఆరు అన్నది. ఆరే కొట్టిన. సేట్‌కు చెప్తె, కంప్యూటర్ తప్పు చేస్తదా, నువ్వు చేస్తవా అన్నడు. ఏమంట?"

సరిచేసిన కామన్ వేయకముందే ఆమె కుర్చీలో కూర్చుని, ఆరేళ్ల పిల్లవాడి వివరాలు రెండుసార్లు కొట్టాను. ఒకసారి తేదీతో, ఒకసారి తేదీ లేకుండా. మిగతా అంకెలన్నీ ఒకటే. రెండు కాగితాలూ అచ్చువేసి బల్ల మీద పక్కపక్కన పెట్టాను. ఆమె రెంటినీ దగ్గరికి లాక్కుని, వరుస వరుస మీదా వేలు పెట్టి చూసింది.

"అంటె, తారీకు తెచ్చినోడు పిల్లగాడు. తేనోడు పెద్దమనిషా?"

"అంతే, అక్కా."

"ఎవలు చెప్పిన్రు దానికి గట్ల అనుకొమ్మని?"

మేమే చెప్పామన్నాను. మీకోసం కాదు, ఇంకెవరికోసమో చెప్పిన మాట పొరపాటున మీదాకా వచ్చిందన్నాను. ఆమె అర్థం చేసుకుంది. అర్థం చేసుకున్నందుకు ఆమె మొహంలో ఊరట మాత్రం కనపడలేదు.

"బతుకుదెరువు సంగతి పక్కకు వెట్టు. తప్పు రిపోర్టు ఇచ్చిందన్న పేరొస్తె బాన్సువాడల గాని, కామారెడ్డిల గాని నన్నెవలు పెట్టుకుంటరు? గిది నాకు గాదు, సేట్‌కు చెప్పు."

యజమాని పదకొండు ప్రాంతంలో వచ్చాడు. నన్ను చూడగానే, "మీ సార్ రాత్రి మళ్ల ఫోన్ చేసిండు. ఎంట్రీ తప్పే అని పక్కాగ చెప్పిండు" అన్నాడు.

అంటే మేము కోడ్ చూపించాక కూడా సార్ ఆ మాటే అన్నారు. నేను కూర్చుకున్న వాక్యాలన్నీ చెదిరిపోయాయి. రెండు కాగితాలూ ఆయన చేతికిచ్చాను.

"ఎంట్రీ తప్పు కాదండీ. ఆమె కొట్టిన వయసు రిపోర్టు మీదే ఉంది, చూడండి. హద్దులు ఎంచింది మా ప్రోగ్రాం. ట్రావెల్స్ ఆఫీసు కోసం మార్చిన కోడ్ మీ కంప్యూటర్‌లోకి మా చేతులతోనే వచ్చింది. ఈ తప్పు మా సంస్థది."

ఆయన కళ్లజోడు పైకి నెట్టుకుని కాగితాలు తిప్పితిప్పి చూశాడు.

"అచ్ఛా. మరి సంతకం ఆమెదే గదా? సంతకం పెట్టేటోళ్లు చూస్కోవద్దా?"

ఆ ప్రశ్నకు నాకన్నా ముందు ఆమే జవాబిచ్చింది. "చూస్కోవాలె సేట్. కాదంటనా? గని నేను కూసున్న సంది పిల్లలకు పిల్లలవే వస్తుండె. నడుమల మార్చి, మార్చినమని ఒక్క మాట చెప్తె చూస్కుంట గదా. చెప్పకుంట మార్చినోళ్ల పని ఉండాలె, ఆళ్లు చెప్పనందుకు నా పని పోవాలె. గిదెక్కడి ఇన్సాఫ్?"

డిబేట్‌లో మూడేళ్లు గడిపిన నేను అంతకన్నా కట్టుదిట్టమైన వాదం వినలేదు. యజమాని కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. సోమవారం మామూలుగానే రమ్మని ఆమెతో అన్నాడు. నాతో, "నమ్మకం నాకు మీ మీదనే ఉండె, బేటా" అని మాత్రం అన్నాడు.

అక్కడితో అయిపోయిందనుకుని కామన్ సరిచేసి లేస్తుంటే ఆమె ఆపింది. "లోపల చెప్పినవు. నన్ను తిట్టింది బయట. ఆయన గూడ వినాలె."

పిల్లవాడి తండ్రి ఆటో స్టాండులోనే ఉన్నాడు. ఆమెను చూడగానే మొహం తిప్పుకున్నాడు. నేను ఎవరినో, ఏం జరిగిందో చెప్పాను. చుట్టూ ఉన్న డ్రైవర్లు మాటలాపి వినసాగారు. అతను మొత్తం విని అడిగాడు:

"అంటె మా అవ్వకు తారీకు ఎర్కలేదని, కంప్యూటర్ మా పోరన్ని పెద్దమనిషిని జేసింది. గంతేనా?"

"గంతే, అన్నా."

పక్క ఆటోలోంచి ఒకతను, "పెద్దోడైండంటె మరి పెండ్లి జెయ్యరాదె, మాకు దావత్ అయితది" అన్నాడు. కొందరు నవ్వారు. తండ్రి నవ్వలేదు.

"నిజామాబాద్ పొయ్యి వచ్చిందాక మా ఇంట్ల ఎవలు బువ్వ తినలే. మా అవ్వ నా వల్లనే అని ఏడ్సింది. దానికేమంటవ్ నువ్వు?"

క్షమించమన్నాను. ఆ మాట నోట్లోంచి బయటికి వచ్చేసరికే చిన్నదైపోయింది. అతను నన్ను వదిలేసి ఆమె వైపు తిరిగాడు.

"నిన్ను బజార్ల అన్న. ఇప్పుడు గూడ బజార్లనే అంటున్న, అందరు వినుండ్రి. ఈమెది తప్పు లేదంట."

ఆమె తలూపింది. ఇద్దరం ల్యాబు వైపు నడుస్తుంటే మెల్లగా అడిగింది: "చెల్లె, గీ సాఫ్ట్‌వేర్ ఇంకా ఎక్కడెక్కడ ఉన్నది? అక్కడ నా లెక్క కూసున్నోళ్లకు ఎవలు చెప్తరు?"

కామారెడ్డి తిరిగివచ్చాక సార్ అరవలేదు. "నీకు మాట్లాడుడు ఒచ్చు, బతుకుడు రాదు" అన్నారంతే. ఎల్లారెడ్డి ల్యాబు మా సాఫ్ట్‌వేర్ తీసేయలేదు. ఆ టెక్నీషియన్ అదే కుర్చీలో ఉంది. అయితే ఇప్పుడు పిల్లల రిపోర్టుల్లో హద్దులను పెన్నుతో మళ్లీ రాసి ఇస్తోందట. బెంచీ మీద కూర్చున్నవాళ్లలో ఎవరో ఒకరు, ఆ రిపోర్టు ఇచ్చింది ఈమేనా అని ఇప్పటికీ అడుగుతారట. బజారులో చెప్పిన మాట బజారంతటికీ చేరదు.

అన్నా నేనూ కలిసి కామన్‌ను విడదీస్తున్నాం. తేదీలది ఒక మాడ్యూల్, అచ్చువేసేది ఇంకో మాడ్యూల్, ఇలా దేనికదే విడి భాగం. 'మనిషి' క్లాసు దగ్గర పేరూ ఊరూ లాంటి, ఎవరికీ తేడా రాని వివరాలే ఉంటాయి. తేదీ లేకపోతే ఏం చేయాలన్నది బడి తన దగ్గర, ల్యాబు తన దగ్గర, ట్రావెల్స్ తన దగ్గర నిర్ణయించుకుంటాయి. ప్రోగ్రాములు కింది మాడ్యూళ్లను అడగవచ్చు. కింది మాడ్యూళ్లు పైవాటిని అడగకూడదు. ప్రతి మాడ్యూల్‌కూ ఒక వెర్షన్ సంఖ్య, ఎవరి దగ్గర ఏ సంఖ్య ఉందో ఒక పట్టిక. చెప్పకుండా ఎవరి కంప్యూటర్‌లోనూ ఏదీ వేయకూడదు. పని మెల్లగా సాగుతోంది. విడదీసిన ప్రతిసారీ, ఊహించని చోట నుంచి ఇంకేదో దాన్ని పట్టుకుని కనిపిస్తోంది.

కానీ ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం ఈ పనిలో లేదు. ఆ మార్పు తర్వాత పెన్ డ్రైవ్ ఎన్ని ఊళ్లు తిరిగిందో మాకు తెలియదు. గాంధారిలో ఒక ల్యాబు, బిచ్కుందలో ఒకటి మా సాఫ్ట్‌వేర్ వాడుతున్నాయి. నా సొంత ఫోన్ నుంచి రెండు చోట్లకూ చేశాను. గాంధారి వాళ్లు విని, ఫోన్ పెట్టకముందే ఒక రిపోర్టు తీసి చూశారు. అక్కడ పాత కామనే ఉంది. బిచ్కుంద నుంచి, "మాకేం ఫరక్ రాలేదమ్మా, నడుస్తున్నదాన్ని ఎందుకు గెలుకుడు" అని పెట్టేశారు. తర్వాత ఎత్తడం లేదు. వచ్చే వారం నేనే వెళ్దామనుకుంటున్నాను. సెలవు అడిగితే సార్ ఇంకా ఏమీ చెప్పలేదు. ఫరక్ రాలేదన్న మాటకు అర్థం, తేడా లేదనా, తేడాను అడిగే స్థితిలో ఉన్నవాళ్లు ఎవరూ రాలేదనా అన్నది నాకు తెలియడం లేదు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీరు ప్రోగ్రాములు రాసేవారైతే, ఈ పూటే మీ ఉమ్మడి ఫోల్డర్ తెరవండి. అందులోని ఒక్క క్లాసును తీసుకుని, దాని మీద ఎవరెవరు ఆధారపడుతున్నారో పేర్లతో సహా రాయండి. రాయలేకపోతే దాన్ని మార్చకండి. ఇప్పటికే మార్చి ఉంటే, ఫోన్ తీసి వాళ్లకు చెప్పండి, మీ యజమాని ఒప్పుకునేదాకా ఆగకండి. మీరు ప్రోగ్రాములు రాసేవారు కాకపోతే, మీ ఇంట్లో లేదా మీ పక్కింట్లో ఉన్న పిల్లల రిపోర్టు తీసి, హద్దులు పిల్లలవో పెద్దలవో డాక్టరును అడగండి. పెద్దలవైతే, సంతకం పెట్టినవారి మీద అరవకముందు, ఆ ప్రోగ్రాం ఎవరు రాశారో కనుక్కుని మా వంటి వాళ్ల మెట్లెక్కి వచ్చి అడగండి.